పది డాలర్ల సీతాకోకచిలుక: క్యాబేజీ తోటల తెల్ల రెక్కల కథ

ముందుగా మీకో ప్రశ్న. సీతాకోకచిలుకని పట్టి చంపి తెస్తే డబ్బులిస్తామని ఏ ప్రభుత్వమైనా స్కూలు పిల్లలకి చెబుతుందా?

చెప్పింది. 2013 అక్టోబర్‌లో, న్యూజిలాండ్‌లోని నెల్సన్ అనే ఊళ్లో, స్కూలు సెలవుల టైమ్‌లో. ఒక్కో సీతాకోకచిలుకకి 10 డాలర్లు. పైగా ఆ మాట చెప్పింది ఎవరనుకున్నారు? ఆ దేశంలో అడవుల్ని, పక్షుల్ని, మొక్కల్ని కాపాడే ప్రకృతి సంరక్షణ శాఖే. పిల్లలు వలలు పట్టుకుని వీధుల్లో పడ్డారు. రెండు వారాల్లో 134 సీతాకోకచిలుకల్ని పట్టి ఇచ్చారు.

ఇంతకీ ఆ సీతాకోకచిలుక చేసిన తప్పేంటి? దాని పేరు లార్జ్ వైట్. మనం పెద్ద తెల్ల సీతాకోకచిలుక అనుకుందాం. శాస్త్రీయ నామం పియరిస్ బ్రాసికే. బ్రాసికా అంటే క్యాబేజీ, ఆవాల కుటుంబం మొక్కలు. అంటే దీని తిండి ఏంటో పేరులోనే ఉంది. ఈ ఎపిసోడ్‌లో ఇది ఎక్కడ పుట్టింది, ఎలా బతుకుతుంది, దీన్ని ఎవరు తింటారు, ఒక దేశం దీన్ని చూసి ఎందుకంత కంగారు పడింది, ఇవన్నీ వరసగా చెప్తాను.

ముందు గుర్తుపట్టడం నేర్చుకుందాం. రెక్కలు చాపితే అటూ ఇటూ కలిపి దాదాపు 6 సెంటీమీటర్లు. రంగు పాల తెలుపు. ముందు రెక్కల కొసలకి మసి పూసినట్టు చిక్కటి నలుపు. ఆడదానికి ముందు రెక్క పైభాగంలో రెండు నల్ల చుక్కలు కూడా ఉంటాయి. మగదానికి పైన ఆ చుక్కలు ఉండవు. రెక్కలు ముడిస్తే కింది వైపు లేత పసుపు కనిపిస్తుంది. దీనికి స్మాల్ వైట్ అని ఒక చిన్న చుట్టం ఉంది. అది సైజులో చిన్నది, దాని రెక్క కొసల నలుపు కూడా తక్కువ.

దీని సొంత ఊరు యూరప్. బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, స్పెయిన్ అన్నిచోట్లా కనిపిస్తుంది. ఉత్తర ఆఫ్రికాలో ఉంది. అక్కడి నుంచి ఆసియా మీదుగా మన హిమాలయాల దాకా ఉంది. అవును, ఇండియాలో కూడా ఉంది. ఉత్తరాదిలో క్యాబేజీ, కాలీఫ్లవర్, ఆవాలు పండించే రైతులకి ఇది బాగా తెలిసిన పురుగు. చలికాలంలో మైదానాల్లోని పంటల మీద ఉంటుంది. ఎండలు ముదిరేసరికి కొండల మీదికి వెళ్లిపోతుంది. మనవాళ్లు వేసవిలో సిమ్లా, మనాలీ వెళ్లినట్టే.

మన తెలుగు రాష్ట్రాల్లో తెల్ల సీతాకోకచిలుక కనిపిస్తే వెంటనే ఇదే అనుకోకండి. మన దగ్గర తిరిగే తెల్లవి చాలావరకు వేరే జాతులు. ఉదాహరణకి పయొనీర్ అని ఒకటుంది, తెల్ల రెక్కల మీద నల్ల గీతలతో ఉంటుంది. రేల చెట్ల చుట్టూ తిరిగే కామన్ ఎమిగ్రంట్ ఇంకొకటి. ఇవన్నీ పియరిడే అనే ఒకే కుటుంబం. ఇంటిపేరు ఒకటే, మనుషులు వేరు.

సరే, ఇక జీవితచక్రం. గుడ్డు, గొంగళిపురుగు, ప్యూపా, సీతాకోకచిలుక అని నాలుగు దశలు మీరంతా స్కూల్లో చదివే ఉంటారు. డయాగ్రమ్ గీసి మార్కులు కూడా తెచ్చుకుని ఉంటారు. కానీ ఆ నాలుగు బాణం గుర్తుల మధ్య ఏం జరుగుతుందో పుస్తకంలో ఉండదు. అసలు కథంతా అక్కడే ఉంది.

ఆడ సీతాకోకచిలుక ముందు ఆకు మీద వాలి కాళ్లతో రుచి చూస్తుంది. నిజంగానే, వాటికి కాళ్ల చివర్లో రుచి తెలిసే భాగాలు ఉంటాయి. క్యాబేజీ కుటుంబం మొక్కే అని నమ్మకం కుదిరాక ఆకు అడుగున గుడ్లు పెడుతుంది. చిన్న తెల్ల సీతాకోకచిలుక అయితే ఒక్కో గుడ్డు ఒక్కోచోట పెట్టుకుంటూ పోతుంది. ఇది అలా కాదు. ఒకేచోట 40, 50, ఒక్కోసారి 100 దాకా పెడుతుంది. పసుపు రంగులో, చిన్న చిన్న సీసాలు నిలబెట్టినట్టు ఉంటాయి ఆ గుడ్లు.

వారం నుంచి రెండు వారాల్లో గుడ్లు పిగులుతాయి. బయటికొచ్చిన పిల్ల పురుగులు ముందు తమ గుడ్డు పెంకునే తింటాయి. తర్వాత అందరూ కలిసి ఆకు మీద పడతారు. ఒకే బ్యాచ్ పిల్లలు ఒకే ఆకు మీద పక్కపక్కనే కూర్చుని తింటూ ఉంటారు. ఆకుపచ్చ, పసుపు కలిసిన ఒళ్లు, దాని మీద నల్ల మచ్చలు, సన్నటి వెంట్రుకలు. దాక్కోవడం అనే మాటే లేదు. నాలుగుసార్లు చర్మం విడుస్తాయి, మూడు నాలుగు వారాల్లో 4 సెంటీమీటర్లు పెరుగుతాయి. ఆ టైమ్‌కి క్యాబేజీ ఆకులో ఈనెలు తప్ప ఏమీ మిగలదు.

ఇక్కడ మీకో డౌట్ రావాలి. పచ్చటి ఆకు మీద పసుపు పచ్చగా మెరుస్తూ, గుంపుగా, పట్టపగలు కూర్చుంటే పక్షులు తినెయ్యవా? దానికి జవాబు మన వంటింట్లో ఉంది.

ఆవకాయ కలిపేటప్పుడు ఆవపిండి ఘాటు ముక్కుకి ఎక్కుతుంది కదా. ఆ ఘాటు ఆవగింజలో రెడీగా ఉండదు. గింజలో సినిగ్రిన్ అనే పదార్థం ఒక గదిలో ఉంటుంది, మైరోసినేజ్ అనే ఎంజైమ్ ఇంకో గదిలో ఉంటుంది. గింజని నూరి తడి తగిలిస్తే గోడలు పగిలి రెండూ కలుస్తాయి. అప్పుడు ఘాటైన ఆవనూనె పదార్థం పుడుతుంది. పోపులో చిటపటలాడిన ఆవాలకి ఆ ఘాటు ఎందుకు ఉండదంటే, నూనె వేడికి ఆ ఎంజైమ్ పాడైపోతుంది.

క్యాబేజీ, ముల్లంగి, కాలీఫ్లవర్ మొక్కల్లో ఉన్నదీ ఇదే ఏర్పాటు. మొక్క ఆ ఘాటుని మన పచ్చడి కోసం తయారు చేసుకోలేదు. తనని కొరికే పురుగుల కోసం చేసుకుంది. పురుగు ఆకు కొరకగానే రెండు గదులూ పగులుతాయి, నోట్లో ఘాటు పేలుతుంది. మామూలు పురుగులు అక్కడికే దండం పెట్టి వెళ్లిపోతాయి.

ఈ తెల్ల సీతాకోకచిలుకల పిల్లలకి మాత్రం ఆ పప్పులు ఉడకవు. వాటి పేగుల్లో ఒక ప్రత్యేకమైన ప్రొటీన్ ఉంటుంది. ఘాటు పదార్థం తయారయ్యే చోట అది అడ్డుపడి, రసాయన చర్యని ఇంకో దారికి మళ్లిస్తుంది. ఘాటుకి బదులు అంతగా హాని చెయ్యని వేరే పదార్థం తయారవుతుంది. శాస్త్రవేత్తలు ఈ ప్రొటీన్‌ని చిన్న తెల్ల సీతాకోకచిలుకలో కనిపెట్టి 2004లో ప్రకటించారు.

ఇంకా విచిత్రం ఏంటంటే, మొక్క తన రక్షణ కోసం పెట్టుకున్న ఆ పదార్థమే ఈ పురుగుకి అడ్రస్ బోర్డు అయిపోయింది. 1910లో వెర్షాఫెల్ట్ అనే డచ్ శాస్త్రవేత్త ఒక సింపుల్ ప్రయోగం చేశాడు. ఈ గొంగళిపురుగులు మామూలుగా ముట్టని ఆకుల మీద సినిగ్రిన్ పూసి వాటి ముందు పెట్టాడు. అవి తినేశాయి! అంటే పురుగు వెతుకుతున్నది ఆ రుచి కోసమే. దొంగ రాకూడదని పెట్టిన తాళాన్ని చూసి, ఓహో ఇక్కడే డబ్బుంది అని దొంగ గుర్తుపట్టినట్టు. ఈ తిండి తిన్న పురుగుల రుచి పక్షులకి నచ్చదు. ఆ మెరిసే రంగు కూడా అందుకే, నన్ను తింటే నీకే నష్టం అని చెప్పే బోర్డు అది.

అయితే ఈ పురుగుకి శత్రువులే లేరా అంటే, ఉన్నారు. మామూలు శత్రువులు కాదు. వినండి.

కొటేసియా గ్లోమెరాటా అని ఒక చిన్న కందిరీగ జాతి ఉంది. చీమంత ఉంటుంది. గొంగళిపురుగు ఆకు కొరికినప్పుడు ఆ మొక్క గాల్లోకి ఒక రకం వాసన వదులుతుంది. ఆ వాసన పట్టుకుని ఈ కందిరీగ వస్తుంది. ఒక రకంగా మొక్క హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసినట్టే. వచ్చిన కందిరీగ చిన్న వయసు గొంగళిపురుగు ఒంట్లోకి సూదిలాంటి అవయవంతో గుడ్లు దింపుతుంది. ఒక్కో పురుగులో 20, 30, అంతకంటే ఎక్కువ కూడా. ఆ గుడ్లలోంచి వచ్చిన పిల్లలు లోపలే తింటూ పెరుగుతాయి. ప్రాణం పోయే భాగాల్ని మాత్రం ముట్టవు. గొంగళిపురుగు మామూలుగానే ఆకు తింటూ తిరుగుతుంటుంది.

చివరికి అవన్నీ దాని చర్మం చీల్చుకుని బయటికొచ్చి, పక్కనే పసుపు రంగు పట్టు గూళ్లు అల్లుకుంటాయి. అప్పటికీ గొంగళిపురుగు చచ్చిపోదు. తన ఒంట్లోంచి వచ్చిన శత్రువుల గూళ్ల మీద తనే పట్టు దారాలు కప్పుతుంది. ఎవరైనా దగ్గరికొస్తే తల విదిలించి తరుముతుంది. చచ్చేదాకా వాటికి కాపలా కాస్తుంది. ఇది హారర్ సినిమా కథ కాదు, యూరప్‌లో మామూలు కూరగాయల పెరట్లో ప్రతి ఏడాదీ జరిగేదే.

ఆ గూళ్లని వెతుక్కుంటూ వచ్చి వాటిలో గుడ్లు పెట్టే ఇంకో కందిరీగ కూడా ఉంది, లైసీబియా నానా దాని పేరు. దొంగని దోచే దొంగ అన్నమాట.

మూడోది నాకు అన్నిటికంటే నచ్చింది. మగ సీతాకోకచిలుక జత కట్టినప్పుడు ఆడదాని మీద ఒక వాసన పూసి వెళ్తుంది. వేరే మగవి ఆ వాసన చూసి, దీనికి జత అయిపోయింది అని దూరంగా పోతాయి. ట్రైకోగ్రామా అనే మరీ చిన్న కందిరీగ, మిల్లీమీటర్ కూడా ఉండదు, ఆ వాసననే పసిగడుతుంది. జత అయ్యిందంటే త్వరలో గుడ్లు పెడుతుంది అని దానికి లెక్క. వెంటనే ఆ ఆడ సీతాకోకచిలుక ఒంటి మీదికి ఎక్కేసి, ఫ్రీగా ప్రయాణం చేస్తుంది. అది గుడ్లు పెట్టగానే దిగి, ఆ గుడ్లలో తన గుడ్లు పెడుతుంది. 2005లో నేచర్ పత్రికలో వచ్చిన విషయం ఇది. మన రైతులకి ట్రైకోగ్రామా పేరు కొత్తేమీ కాదు. ఇదే జాతి కుటుంబంలోని కందిరీగలు గుడ్లు పెట్టిన వేరే పురుగు గుడ్లని కార్డులకి అంటించి చెరుకు లాంటి పంటల్లో పురుగు కోసం కడతారు. ట్రైకోకార్డులు అంటే అవే.

ఇన్ని గండాలు దాటిన గొంగళిపురుగు ఏం చేస్తుంది? మొక్క వదిలేసి నడక మొదలుపెడుతుంది. గోడ, కంచె, చెట్టు బోదె, ఏదో ఒక చోటు చూసుకుంటుంది. నడుముకి ఒక పట్టు దారం బెల్టులా కట్టుకుని ప్యూపాగా మారుతుంది. ఈ ఒక్క అలవాటు గుర్తుపెట్టుకోండి, న్యూజిలాండ్ కథకి ఇదే మూలం.

ఎండాకాలమైతే రెండు వారాల్లో ప్యూపా పగిలి సీతాకోకచిలుక బయటికొస్తుంది. శరదృతువు వచ్చిందంటే మాత్రం ప్యూపా అలాగే చలికాలమంతా నిద్రపోతుంది, నెలల తరబడి. చలికాలం వస్తోందని దానికెలా తెలుస్తుంది? చలిని బట్టి మాత్రమే కాదు. గొంగళిపురుగుగా ఉన్నప్పుడే పగలు ఎంతసేపు ఉంటోందో దాని ఒళ్లు లెక్క పెట్టుకుంటుంది. పగళ్లు తగ్గుతుంటే ఈ సంవత్సరానికి ఇక చాలు అని నిద్ర మోడ్‌లోకి వెళ్లిపోతుంది. బ్రిటన్‌లో ఏడాదికి మామూలుగా రెండు తరాలు. ఏప్రిల్, మేలో ఒకటి, జూలై, ఆగస్టులో ఒకటి. వాతావరణం బాగుంటే మూడోది కూడా.

సీతాకోకచిలుక అయ్యాక ఇక ఎగరడమే. గట్టిగా ఎగురుతుంది. కొన్ని సంవత్సరాల్లో యూరప్ నుంచి ఇంగ్లిష్ చానల్ సముద్రం దాటి గుంపులు గుంపులుగా బ్రిటన్ చేరుతుంది. చిలీ, దక్షిణాఫ్రికా లాంటి దూర దేశాలకి కూడా ఇది చేరింది. కానీ అక్కడికి రెక్కలతో వెళ్లలేదు. మనిషి సరుకులతో పాటు వెళ్లింది.

ఇప్పుడు న్యూజిలాండ్‌కి వద్దాం. 2010 మేలో నెల్సన్ ఊళ్లో ఒక ఇంటి తోటలో ఇది దొరికింది. నెల్సన్ ఓడరేవు ఉన్న ఊరు. గొంగళిపురుగు ఎక్కడ పడితే అక్కడ ప్యూపా కట్టుకుంటుందని చెప్పాను కదా. ఓడలో వచ్చిన ఏ సరుకు మీదో ప్యూపాగా నిద్రపోతూ వచ్చి, ఇక్కడ లేచి ఉంటుందని అంచనా.

వస్తే ఏమైంది, క్యాబేజీ కాస్త పోతుంది, అంతేగా? అంతే కాదు. క్యాబేజీకి మందు కొట్టొచ్చు, వల కప్పొచ్చు. కానీ న్యూజిలాండ్‌లో ఆవాల కుటుంబానికి చెందిన అడవి మొక్కలు 79 రకాలు ఉన్నాయి. వాటిలో 57 అప్పటికే అంతరించే ప్రమాదంలో ఉన్నాయి. కొన్ని రకాలు ఏదో ఒక కొండచరియ మీద, ఒక తీరం పక్కన, లెక్కపెట్టగలిగినన్ని మాత్రమే మిగిలాయి. అలాంటి మొక్క మీద 100 గుడ్లు పెట్టే పురుగు వాలితే? ఒక్క బ్యాచ్ చాలు, ఆ చోట ఆ మొక్క కథ ముగిసిపోవడానికి.

ఆ మొక్కల్లో ఒకదాని పేరు కుక్స్ స్కర్వీ గ్రాస్. 1769లో కెప్టెన్ కుక్ ఓడ న్యూజిలాండ్ చేరినప్పుడు, నావికులకి తాజా ఆకుకూర లేక వచ్చే స్కర్వీ జబ్బు రాకుండా ఈ ఆకు తినిపించారు. ఒకప్పుడు అలా కోసుకుని తినేంత దొరికిన మొక్క, ఇప్పుడు వెతికితే గానీ కనబడదు.

అందుకే 2012 నవంబర్‌లో ఆ దేశం ఒక నిర్ణయం తీసుకుంది. తగ్గించడం కాదు, ఒక్కటి కూడా మిగలకుండా చెయ్యాలి. ప్రపంచంలో అంతకుముందు ఏ దేశమూ ఒక సీతాకోకచిలుకని అలా పూర్తిగా తీసెయ్యలేదు. సిబ్బంది ఇల్లిల్లూ తిరిగారు. పెరట్లో ఉన్న క్యాబేజీ, బ్రోకలీ, నాస్టర్షియం పూల మొక్కల ఆకులు తిప్పి గుడ్ల కోసం చూశారు. 29 వేల స్థలాల్లో మొత్తం 2 లక్షల 63 వేల సార్లు వెతికారు. ఇందాక చెప్పిన కందిరీగల్లో కొటేసియా గ్లోమెరాటా చిన్న తెల్ల సీతాకోకచిలుకని అదుపు చెయ్యడం కోసం ఎప్పుడో ఆ దేశానికి తెచ్చినదే, అది కూడా సాయం చేసింది. పిల్లలకి 10 డాలర్ల ప్రకటన కూడా ఈ పనిలో భాగమే. 134 సీతాకోకచిలుకలు అంటే తక్కువగా అనిపించొచ్చు. కానీ అందులో ఆడవి ఎన్ని ఉంటే అన్ని వందల గుడ్లు ఆగినట్టు. అంతకంటే ముఖ్యం, ఊరు ఊరంతా వెతకడం మొదలుపెట్టింది.

చివరి సీతాకోకచిలుక 2014 డిసెంబర్‌లో దొరికింది. ఆ తర్వాత కూడా వెంటనే పండగ చేసుకోలేదు. 2016 దాకా వెతుకుతూనే ఉన్నారు. అంత వెతికినా ఒక్కటీ కనబడకపోయేసరికి, 2016 నవంబర్‌లో ఇక లేదని ప్రకటించారు. ఖర్చు దాదాపు 50 లక్షల న్యూజిలాండ్ డాలర్లు.

దీన్ని విని ఇది విలన్ అనుకోకండి. సొంత ఊళ్లో దీన్ని ఆపడానికి కందిరీగలున్నాయి, వైరస్‌లున్నాయి, చలికాలముంది. అక్కడ ఇది లెక్కలో ఒక భాగం. దీని దగ్గరి చుట్టమే ఇంకోటి, పోర్చుగల్‌కి చెందిన మడైరా ద్వీపంలో మాత్రమే ఉండే తెల్ల సీతాకోకచిలుక. అది కొన్ని దశాబ్దాలుగా ఎవరికీ కనబడలేదు. బయటి నుంచి ద్వీపానికి వచ్చిన చిన్న తెల్ల సీతాకోకచిలుకతో పాటు చేరిన వైరస్ దాన్ని దెబ్బతీసి ఉంటుందని ఒక అనుమానం. చూశారా? ఒకే కుటుంబం. ఒక ద్వీపంలో ఆపకపోతే మిగతావాటిని మింగేసేది, ఇంకో ద్వీపంలో తనే మాయమైపోయింది. ఏ జీవి మంచిది, ఏది చెడ్డది అన్న ప్రశ్నకి, అది ఎక్కడుంది అన్నది చూడకుండా జవాబు చెప్పలేం.

ఇందులో మనకి పనికొచ్చేవి రెండు మాటలు చెప్పి ముగిస్తాను. ఒకటి, మీరో, మీ ఇంట్లో వాళ్లో చదువుకోసం, ఉద్యోగం కోసం న్యూజిలాండ్ లాంటి దేశాలకి వెళ్తుంటే, సూట్‌కేసులో అమ్మ పెట్టిన కరివేపాకు, విత్తనాలు, ఎండు మిరపకాయలు ఎయిర్‌పోర్టు ఫారంలో తప్పకుండా రాయండి. రాయకపోతే న్యూజిలాండ్‌లో అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. ఒక ఆకుకి ఇంత గొడవా అని కోపం రావచ్చు. ఒక ప్యూపా ఖర్చు 50 లక్షల డాలర్లు అని ఇప్పుడు మీకు తెలుసు కదా.

రెండు, మీరు కుండీల్లో, మేడ మీద కూరగాయలు పెంచుతుంటే, చచ్చిన గొంగళిపురుగు పక్కన పసుపు, తెలుపు రంగు చిన్న గూళ్ల గుత్తి కనిపిస్తే పురుగు గుడ్లనుకుని నలిపెయ్యకండి. చాలాసార్లు అవి మీకు సాయం చేసే కందిరీగల గూళ్లు. వాటిని అలా వదిలెయ్యండి. వచ్చే తరం పురుగుల సంగతి అవి చూసుకుంటాయి.

ఈ రోజుకి ఇంతే. మీ ఊళ్లో తెల్ల సీతాకోకచిలుక కనిపిస్తే ఫోన్‌లో ఒక ఫొటో తియ్యండి, ఏ మొక్క మీద వాలిందో కూడా చూడండి. అది ఏ జాతో తెలియడానికి ఆ మొక్కే సగం క్లూ ఇస్తుంది. మళ్లీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.